కొలువుల కొట్లాటలో కూలిన అధ్యక్షుడు

1881 మార్చి 4 తెల్లవారుజామున రెండున్నర దాకా జేమ్స్ గార్ఫీల్డ్ కూర్చుని రాస్తూనే ఉన్నారు. మధ్యాహ్నం అమెరికా 20వ అధ్యక్షుడిగా ప్రమాణ స్వీకారం. అక్కడ చదవాల్సిన ప్రసంగం అప్పటికి గానీ పూర్తి కాలేదు. బయట వాషింగ్టన్ వీధుల నిండా మంచు. ఆ చలికి జనం కూడా అనుకున్నంతగా రాలేదు. కాపిటల్ భవనం తూర్పు వాకిట్లో చీఫ్ జస్టిస్ మోరిసన్ వెయిట్ ప్రమాణం చేయించారు. తంతు అయ్యాక గార్ఫీల్డ్ పక్కనే ఉన్న తల్లి ఎలైజాను ముద్దు పెట్టుకున్నారు. కొడుకు అధ్యక్షుడిగా ప్రమాణం చేస్తుంటే కళ్లారా చూసిన తొలి అమెరికన్ తల్లి ఆవిడే. చిన్న వయసులోనే భర్త పోతే, ఒహాయోలో దుంగలతో కట్టిన ఇంట్లో నలుగురు పిల్లల్ని ఒంటిచేత్తో పెంచిన మనిషి. ఆ రాత్రి వేడుక ఇంకా ప్రజలకు తెరవని నేషనల్ మ్యూజియం కొత్త భవనంలో జరిగింది. జాన్ ఫిలిప్ సూసా నడిపించిన మెరైన్ బ్యాండ్ వాయించింది.

అక్కడి నుంచి లెక్కేస్తే 120వ రోజున ఆయన వీపులో తూటా దిగింది. 199వ రోజున ప్రాణం పోయింది.

పాఠ్యపుస్తకాలు ఈ కథను ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి: ఉద్యోగం దొరకని ఓ మతిస్థిమితం లేనివాడు అధ్యక్షుణ్ని కాల్చి చంపాడు. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ 199 రోజుల్లో ఎవరు ఏ పదవిలోకి ఏ దారిన వచ్చారన్నది గమనిస్తే, పిచ్చి ఒక్కడిదేనని అనుకోవడం కష్టం. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కస్టమ్స్ అధికారి, చివరికి చావుబతుకుల్లో ఉన్న రోగికి వైద్యం చేసిన పెద్ద డాక్టరు, వీళ్లలో ఎవరి నియామకం చూసినా ఏదో ఒక బేరమో, పంతమో, దబాయింపో కనబడుతుంది.

ముందు గార్ఫీల్డ్ సంగతే చూద్దాం. ఆయన అధ్యక్ష పదవికి పోటీ చేయలేదు. 1880 జూన్‌లో షికాగోలో రిపబ్లికన్ పార్టీ మహాసభకు వెళ్లింది వేరొకరి పేరు ప్రతిపాదించడానికి. తమ రాష్ట్రం వాడే అయిన ఆర్థిక మంత్రి జాన్ షెర్మన్ తరఫున మాట్లాడటం ఆయన పని. పార్టీ అప్పటికే రెండు ముక్కలుగా ఉంది. న్యూయార్క్ సెనేటర్ రాస్కో కాంక్లింగ్ నాయకత్వంలోని స్టాల్వార్ట్ వర్గం, మాజీ అధ్యక్షుడు గ్రాంట్‌ను మూడోసారి గద్దెనెక్కించాలని పట్టుబట్టింది. సెనేటర్ జేమ్స్ బ్లెయిన్ వెనక నిలబడ్డ వాళ్లకు ప్రత్యర్థులు వెటకారంగా హాఫ్ బ్రీడ్లు, అంటే సంకర జాతివాళ్లు, అని పేరు పెట్టారు. రెండు వర్గాలకూ సిద్ధాంత విభేదాలు పెద్దగా లేవు. తగువంతా ఉద్యోగాల పంపకం ఎవరి చేతిలో ఉండాలన్నదాని మీదే. ఓటింగు మీద ఓటింగు జరుగుతూ పోయింది, ఎవరికీ మెజారిటీ రాలేదు. చివరికి విసిగిపోయిన ప్రతినిధులు గార్ఫీల్డ్ వైపు మళ్లారు. ఆయన లేచి అభ్యంతరం చెప్పబోతే సభాధ్యక్షుడు కూర్చోబెట్టాడు. 36వ రౌండులో 399 ఓట్లతో ఆయనే అభ్యర్థి అయ్యారు. అప్పటికీ 306 మంది గ్రాంట్‌ను వదల్లేదు.

ఓడిపోయిన స్టాల్వార్టులను బుజ్జగించాలి గనక ఉపాధ్యక్ష స్థానం వాళ్లకిచ్చారు. అలా తెర మీదకు వచ్చినవాడు చెస్టర్ ఆర్థర్. అంతకుముందు ఏనాడూ ఏ పదవికీ జనం ఓటు అడిగి గెలిచినవాడు కాదు. ఆయన చేసిన పెద్ద ఉద్యోగం న్యూయార్క్ రేవు కస్టమ్స్ కలెక్టరు గిరీ. అది కూడా కాంక్లింగ్ చలవతో వచ్చిందే, 1878లో అధ్యక్షుడు హేస్ దాన్ని కూడా ఊడబెరికారు.

ఇక్కడ కాస్త ఆగి ఈ కస్టమ్స్ ఆఫీసు గురించి చెప్పుకోవాలి. ఎందుకంటే కథకు ఇరుసు ఇదే. ఆదాయపు పన్ను లేని ఆ రోజుల్లో అమెరికా ప్రభుత్వానికి ప్రధాన రాబడి దిగుమతి సుంకాలు. వాటిలో చాలా భాగం వసూలయ్యేది న్యూయార్క్ రేవులో. అక్కడ పని చేసే వెయ్యి మందికి పైగా ఉద్యోగులు పరీక్ష రాసి వచ్చినవాళ్లు కారు, పార్టీ నాయకుడు పంపితే వచ్చినవాళ్లు. అందుకు బదులుగా జీతంలో కొంత శాతం పార్టీకి చందా ముట్టజెప్పాలి, ఎన్నికలప్పుడు వీధుల్లో తిరిగి పని చేయాలి. ఇవ్వననే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు, మర్నాడు ఆ కుర్చీలో ఇంకొకడుంటాడు. దేశమంతటా ఇదే పద్ధతి. ఆండ్రూ జాక్సన్ కాలం నుంచి, అంటే 1829 నుంచి, గెలిచినవాడిదే కొల్లసొత్తు అన్న సూత్రం బాహాటంగా నడిచింది. అధ్యక్షుడు మారితే ఊళ్లో పోస్ట్‌మాస్టర్ కూడా మారేవాడు. 1881 నాటికి కేంద్ర ప్రభుత్వంలో ఉన్న సుమారు లక్ష ఉద్యోగాల్లో సగానికి పైగా తపాలా శాఖవే. అంటే రాజకీయం ప్రతి పల్లెలోనూ తపాలా కిటికీ దాకా వచ్చి కూర్చుందన్నమాట.

సిఫారసు ఉత్తరం పట్టుకుని ఎమ్మెల్యే ఇంటి ముందు పడిగాపులు కాయడం అంటే ఏమిటో తెలుగువాళ్లకు వివరించనక్కర్లేదు. కాకపోతే అక్కడ ఆ ఎమ్మెల్యే ఇల్లు వైట్ హౌసే.

1880 ఆగస్టులో గార్ఫీల్డ్ న్యూయార్క్ వెళ్లి ఫిఫ్త్ అవెన్యూ హోటల్‌లో స్టాల్వార్ట్ నాయకులను కలిశారు. కాంక్లింగ్ మాత్రం కావాలనే మొహం చాటేశాడు. ఆ గదిలో ఏం ఒప్పందం కుదిరిందన్నది ఎవరి వెర్షన్ వాళ్లది. న్యూయార్క్ ఉద్యోగాలన్నీ తమకే రాసిచ్చారని వాళ్లు నమ్మారు. తాను ఏ మాటా ఇవ్వలేదని గార్ఫీల్డ్ అనుకున్నారు. నవంబరు ఎన్నికల్లో డెమోక్రాట్ అభ్యర్థి జనరల్ హాన్‌కాక్‌పై, రాష్ట్రాలవారీగా లెక్కేసే ఎలక్టోరల్ ఓట్లలో 214-155తో గెలిచారు గానీ, దేశవ్యాప్తంగా పోలైన సుమారు 90 లక్షల ఓట్లలో తేడా పదివేలు కూడా లేదు. న్యూయార్క్ చేజారి ఉంటే ఓడిపోయేవారే. తమ వల్లే గెలిచాడన్న కాంక్లింగ్ లెక్కలో తప్పు లేదు. ఆ బాకీ వసూలు చేసుకోవాలని చూడటంలోనే ఉంది అసలు చిక్కు.

ప్రమాణ స్వీకార ప్రసంగంలో గార్ఫీల్డ్ ఎక్కువ సేపు మాట్లాడింది నల్లజాతీయుల పౌరహక్కుల మీద. బానిసత్వం నుంచి వాళ్లను పూర్తి పౌరసత్వంలోకి తీసుకురావడమే 1787 రాజ్యాంగం తర్వాత దేశం చూసిన అతి ముఖ్యమైన రాజకీయ మార్పు అన్నారు. దక్షిణాది రాష్ట్రాలు వాళ్ల ఓటును తొక్కేస్తున్న కాలంలో, బడుల ద్వారా నిరక్షరాస్యతను తరిమికొట్టడం కేంద్రం బాధ్యత కూడా అన్నారు. నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్‌ను వాషింగ్టన్‌లో దస్తావేజుల రికార్డరుగా నియమించింది కూడా ఆయనే. ఇవన్నీ చాలా మందికి గుర్తు లేవు. ప్రసంగం చివర్లో ఇంకో మాట చెప్పారు: చట్టం చేసి కట్టడి చేస్తే తప్ప ప్రభుత్వ ఉద్యోగాల వ్యవస్థ ఎప్పటికీ బాగుపడదు. మర్నాటి నుంచే అది ఎంత నిజమో ఆయనకు తెలిసొచ్చింది.

వైట్ హౌస్ మెట్ల మీద, మేడ మీద వరండాలో, ఆఫీసు గది బయట ఉద్యోగార్థుల గుంపులు. ఎవరైనా లోపలికి రావచ్చు, అధ్యక్షుణ్ని కలవడం పౌరుడి హక్కు అన్నది అప్పటి ఆనవాయితీ. గార్ఫీల్డ్ పుస్తకాల మనిషి. కాలువ పడవలు లాగే కంచరగాడిదల్ని తోలిన కుర్రాడు చదువుకుని 26 ఏళ్లకే కాలేజీ నడిపాడు. అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌లో సభ్యుడిగా ఉన్నప్పుడు, 1876లో, పైథాగరస్ సిద్ధాంతానికి సమలంబ చతుర్భుజం గీసి కొత్త నిరూపణ ప్రచురించాడు. అలాంటి మనిషికి రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరికి ఏ పోస్ట్ ఆఫీసు ఇవ్వాలన్న పంచాయితీ. ఈ పదవిలో ఏముందని మనుషులు దీనికోసం అంగలారుస్తారో అని ఆయన విసుక్కున్నారు.

మార్చి 5న, అంటే ప్రమాణం జరిగిన మర్నాడే, వాషింగ్టన్ చేరుకున్న వందలాది మందిలో చార్లెస్ గిటో ఒకడు. వయసు 39. లాయరుగా చేశాడు, వసూలు చేసిన బాకీలు తానే తినేశాడు. మత ప్రబోధకుడిగా ఊరూరా తిరిగాడు, వినేవాళ్లు దొరకలేదు. ఓనైడా అనే మత సమూహంలో చాలా కాలం ఉన్నా అక్కడా ఎవరితోనూ పొసగలేదు. అద్దె గదుల్లో దిగడం, బిల్లు కట్టకుండా జారుకోవడం అతని నిత్యకృత్యం. 1880లో గ్రాంట్ అభ్యర్థి అవుతాడనుకుని ఓ ప్రసంగం రాశాడు. గార్ఫీల్డ్ అభ్యర్థి కావడంతో పేర్లు మార్చి అదే అచ్చేయించి పార్టీ నాయకులకు పంచాడు. దాన్ని సభలో చదివింది ఒకటి రెండు సార్లే, అదీ అరకొరగా. గార్ఫీల్డ్ గెలుపు తన ప్రసంగం పుణ్యమేనని మాత్రం గట్టిగా నమ్మాడు.

నమ్మాడు గనక ప్రతిఫలం కోరాడు. మొదట వియన్నాలో కాన్సల్ పదవి, అంటే ఆ ఊళ్లో అమెరికా ప్రభుత్వ ప్రతినిధి ఉద్యోగం, అడిగాడు, తర్వాత మనసు మార్చుకుని ప్యారిస్ కావాలన్నాడు. ఫ్రెంచి రాదు, దౌత్య వ్యవహారాల్లో ఓనమాలు తెలియవు. వరుసలో నిలబడి నేరుగా అధ్యక్షుడి గదిలోకే వెళ్లి తన ప్రసంగం కాపీ చేతిలో పెట్టాడు. దాని మీద ‘ప్యారిస్ కాన్సల్’ అని రాసి, అక్కడి నుంచి తన పేరు దాకా ఒక గీత గీశాడు. ఆ గీత చూస్తే అతని బుర్ర పనిచేసే తీరు అర్థమవుతుంది: పని ఇటు, పదవి అటు, మధ్యలో అర్హత అన్న మజిలీయే లేదు. రోజూ వైట్ హౌస్‌కు, విదేశాంగ శాఖకు తిరగడం మొదలుపెట్టాడు. వైట్ హౌస్ కాగితాల మీదే ఉత్తరాలు రాసేవాడు. చివరికి మే 14న విదేశాంగ మంత్రి బ్లెయిన్ విసిగిపోయి, బతికున్నంత కాలం ప్యారిస్ ఊసు తన దగ్గర ఎత్తవద్దని మొహం మీదే చెప్పేశాడు.

గిటోకు మతిస్థిమితం లేదన్నది దాదాపు నిశ్చయం. కానీ అతని భ్రమ ఎక్కడి నుంచి ఊడిపడింది? ప్రసంగం చేసినవాడికి కాన్సల్ పదవి ఇవ్వడం ఆ రోజుల్లో వింత కాదు, మామూలు వ్యవహారం. కాంక్లింగ్ లాంటి పెద్దమనుషులు రోజూ చేసే బేరాన్నే ఇతను తన స్థాయికి మించి ఊహించుకున్నాడు. మిగతా దరఖాస్తుదారులు తమ విలువను కాస్త ఎక్కువ చేసుకుంటే ఇతను మరీ ఎక్కువ చేసుకున్నాడు, అంతే.

సరిగ్గా అప్పుడే పైన పెద్దల యుద్ధం పతాక స్థాయికి చేరింది. మార్చి 23న గార్ఫీల్డ్ న్యూయార్క్ కస్టమ్స్ కలెక్టరుగా విలియం రాబర్ట్‌సన్ పేరు ప్రకటించారు. రాబర్ట్‌సన్ అంటే కాంక్లింగ్‌కు ఆగర్భ శత్రువు. షికాగోలో గ్రాంట్‌కు ఎదురుతిరిగిన న్యూయార్క్ ప్రతినిధుల నాయకుడు. తమ రాష్ట్రంలో నియామకం తమను అడగకుండా చేయడమేమిటని కాంక్లింగ్ భగ్గుమన్నాడు. దేశంలోని అతి పెద్ద సుంకాల ఆఫీసును నడిపేది అధ్యక్షుడి మనిషా, ఒక సెనేటర్ గుమాస్తానా అన్నది తేల్చుకోవాల్సిందేనని గార్ఫీల్డ్ పట్టుబట్టారు. మే 16న కాంక్లింగ్, ఆయనతో పాటు రెండో సెనేటర్ థామస్ ప్లాట్ రాజీనామా చేసి వెళ్లిపోయారు. న్యూయార్క్ శాసనసభ తమను మళ్లీ ఎన్నుకుని పంపుతుంది, అధ్యక్షుడి తల దించుతుంది అన్నది వాళ్ల ఎత్తుగడ. అది చిత్తయింది. సెనేట్ రెండు రోజులకే రాబర్ట్‌సన్‌ను ఆమోదించింది. కాంక్లింగ్ రాజకీయ జీవితం అక్కడితో ఆగిపోయింది.

నియామకాల మీద అధ్యక్షుడిదే తుది మాట అని గార్ఫీల్డ్ నిరూపించిన మే 18నే, రాత్రి పక్క మీద పడుకుని ఉండగా, అధ్యక్షుడు తప్పుకుంటే అన్నీ చక్కబడతాయన్న ఆలోచన మెరుపులా వచ్చిందని గిటో తర్వాత చెప్పాడు. ఆర్థర్ అధ్యక్షుడవుతాడు, స్టాల్వార్టులు మళ్లీ లేస్తారు, తనకు కృతజ్ఞత చూపిస్తారు. కొద్ది రోజుల్లో అది దేవుడి ఆజ్ఞగా మారిపోయింది.

అప్పు చేసి ఒక బ్రిటిష్ బుల్‌డాగ్ రివాల్వర్ కొన్నాడు. మ్యూజియంలో పెడితే చూడ్డానికి బాగుంటుందని దంతపు పిడి ఉన్నది కోరుకున్నాడంటారు. విచిత్రమేమిటంటే ఆ తుపాకీ తర్వాత నిజంగానే వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియానికి చేరింది, ఎక్కడో పోయింది. తనను పెట్టబోయే జైలు ఎలా ఉంటుందో ముందే వెళ్లి చూసొద్దామనుకున్నాడు. జూన్ 18న రైల్వే స్టేషన్‌లో గార్ఫీల్డ్‌ను కాల్చే అవకాశం దొరికినా ఊరుకున్నాడు. పక్కనే జ్వరం నుంచి కోలుకుంటున్న భార్య లుక్రీషియా భర్త చెయ్యి పట్టుకుని నీరసంగా కనబడిందట.

ఇన్ని వారాలు ఒకడు తుపాకీతో దేశాధ్యక్షుడి వెంట తిరిగితే పట్టించుకున్నవాడు లేడు, ఎందుకంటే కాపలాయే లేదు. లింకన్ హత్య జరిగి పదహారేళ్లయినా దాన్ని అంతర్యుద్ధం తెచ్చిన దారుణంగానే లెక్కేశారు. సీక్రెట్ సర్వీస్ అప్పటికే ఉంది గానీ దాని పని దొంగనోట్లు పట్టుకోవడం. హత్య పిడుగులాంటిదని, ఆపలేమని, దాని గురించి దిగులు పడి లాభం లేదని స్వయంగా గార్ఫీల్డే ఒక ఉత్తరంలో రాశారు.

జులై 2, శనివారం. పొద్దున్న తొమ్మిది దాటింది. బాల్టిమోర్ అండ్ పొటోమాక్ స్టేషన్, ఇప్పుడు నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ ఉన్న చోటు. గార్ఫీల్డ్ ఇద్దరు కొడుకులతో సెలవులకు బయల్దేరారు, తాను చదివిన విలియమ్స్ కాలేజీకి కూడా వెళ్లాలి. సాగనంపడానికి బ్లెయిన్ వచ్చాడు. గిటో అప్పటికే బూట్లు పాలిష్ చేయించుకున్నాడు, జనం కొట్టి చంపకుండా తనను జైలు దాకా చేర్చడానికి బండి మాట్లాడి పెట్టుకున్నాడు. ఆడవాళ్ల వెయిటింగ్ హాల్లో వెనక నుంచి రెండుసార్లు కాల్చాడు. ఒక తూటా చేతిని రాసుకుపోయింది. రెండోది వీపులో దిగి, వెన్నుపూసను చీల్చుకుని, వెన్నుపామును తాకకుండా క్లోమం వెనక ఆగింది. హాల్లో పనిచేసే సారా వైట్ పరుగున వచ్చి ఆయన తల ఒళ్లో పెట్టుకుంది. పట్టుబడిన గిటో తాను స్టాల్వార్ట్‌నని, ఇక ఆర్థరే అధ్యక్షుడని చెప్పాడు.

స్టేషన్‌లో ఉన్న మంత్రుల్లో ఒకరు యుద్ధ శాఖ చూసే రాబర్ట్ లింకన్, హతుడైన అబ్రహాం లింకన్ కొడుకు. తండ్రి చివరి గంటల్లో వైద్యం చేసిన వాళ్లలో ఒకరు ఆయనకు గుర్తొచ్చారు, కబురు పంపారు. ఆ వైద్యుడి ఇంటిపేరు బ్లిస్. తల్లిదండ్రులు పెట్టిన మొదటి పేరే డాక్టర్, కాబట్టి ఆయన పుట్టుకతోనే డాక్టర్!

బ్లిస్ వచ్చేసరికే ఒక వైద్యుడు గాయంలోకి వేలు పెట్టి చూశాడు. బ్లిస్ కూడా వేలు పెట్టాడు, తర్వాత లోహపు సలాక దించాడు. చేతులు కడుక్కోలేదు, పరికరాలు శుభ్రం చేయలేదు. స్కాట్లాండ్‌లో జోసెఫ్ లిస్టర్ క్రిమిసంహారక శస్త్రచికిత్స గురించి రాసి అప్పటికి పద్నాలుగేళ్లు. 1876లో ఫిలడెల్ఫియా వచ్చి అమెరికన్ సర్జన్లకు స్వయంగా చెప్పాడు కూడా. పెద్ద డాక్టర్లలో చాలా మంది పెదవి విరిచారు, కంటికి కనబడని క్రిములేమిటని. కుర్ర డాక్టర్లు మాత్రం వినడం మొదలుపెట్టారు. కుర్రవాళ్లను అధ్యక్షుడి మంచం దగ్గరకు ఎవరు రానిస్తారు?

అధ్యక్షుడి వైద్యుడిగా బ్లిస్‌ను ఎవరూ పద్ధతి ప్రకారం నియమించలేదు. తనంతట తానే పగ్గాలు చేతిలోకి తీసుకున్నాడు. కుటుంబ వైద్యుడు జెడిడయా బాక్స్‌టర్ వస్తే గొడవపడి వెనక్కి పంపేశాడు. లుక్రీషియాకు వైద్యం చేసే సుసాన్ ఎడ్సన్‌ను నర్సు పనికి పరిమితం చేశాడు. స్టేషన్‌లో అందరికంటే ముందు వచ్చిన వాళ్లలో ఒకడైన నల్లజాతి వైద్యుడు చార్లెస్ పర్విస్‌కు తర్వాత అక్కడ చోటే లేదు. ఒకసారి తన మాట తిరుగులేనిదయ్యాక బ్లిస్ ఒక నిర్ణయానికొచ్చాడు: తూటా కుడివైపు, కాలేయం దగ్గర ఉంది. అసలు తూటా ఎడమవైపు ఉంది.

ఆ తప్పు అంచనా చుట్టే తర్వాతి పదకొండు వారాలు తిరిగాయి. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ తూటా ఉన్న చోటు పట్టిచ్చే యంత్రం తయారుచేశాడు. శరీరంలో లోహం దగ్గరికి వస్తే రిసీవర్‌లో చప్పుడొస్తుంది. జులై 26న ఒకసారి, ఆగస్టు 1న మరోసారి వైట్ హౌస్‌కు తెచ్చి పరీక్షించాడు. బ్లిస్ కుడివైపే వెతకమన్నాడు. పైగా పరుపు కింద స్టీలు స్ప్రింగులున్నాయి, యంత్రం ఎటు పెట్టినా ఏదో చప్పుడు. బెల్‌కు అంతుచిక్కలేదు. బ్లిస్ మాత్రం తన అంచనాయే రుజువైందని పత్రికలకు చెప్పుకున్నాడు. ఒకే ఒక్క చోట మాత్రం రోగికి ఊరట దొరికింది. వాషింగ్టన్ ఉక్కపోతకు నౌకాదళ ఇంజనీర్లు ఐసు మీదుగా గాలి తోసే ఏర్పాటు చేసి గది చల్లబరిచారు, టన్నుల కొద్దీ ఐసు కరిగింది. ఎయిర్ కండిషనర్ చరిత్ర రాసేవాళ్లు ఇప్పటికీ ఈ గదిని తలుచుకుంటారు.

రోజూ బులెటిన్లు వెలువడేవి. జ్వరం తగ్గింది, ఆకలి బాగుంది, కోలుకుంటున్నారు అని. లోపల చీము పడుతోంది. డాక్టర్లు కోసి చీము తీశారు, మళ్లీ వేళ్లు పెట్టారు. తిండి నిలవకపోతే గుడ్డు సొన, మాంసం రసం మలద్వారం గుండా ఎక్కించారు. 95 కిలోల మనిషి 60 కిలోలకు దిగిపోయారు. సెప్టెంబరు 6న సముద్రపు గాలి తగిలితే మేలని న్యూజెర్సీలోని ఎల్‌బెరాన్‌కు రైల్లో తరలించారు. మంచం కుదుపు లేకుండా ఇంటి గుమ్మం దాకా చేరడానికి ఊరివాళ్లు, కూలీలు రాత్రికి రాత్రి కొత్త పట్టాలు వేశారు. సెప్టెంబరు 19 రాత్రి పదిన్నర దాటాక ఆయన పోయారు. శవపరీక్షలో తూటా ఎడమవైపు చుట్టూ కణజాలం కమ్ముకుని కదలకుండా ఉంది. బ్లిస్ తూటా మార్గం అనుకున్నది కొంత మేరకు డాక్టర్ల వేళ్లు, సలాకలు, చీము కలిసి తవ్విన కాలువ. అంతర్యుద్ధంలో ఒంట్లో తూటాలతోనే ముసలితనం దాకా బతికిన సైనికులు వేలల్లో ఉన్నారు. ముట్టుకోకుండా వదిలేసి ఉంటే గార్ఫీల్డ్ కూడా బతికేవారని ఈనాటి వైద్యుల్లో చాలా మంది అంటారు. వైద్యం ఖర్చుగా బ్లిస్ 25 వేల డాలర్లు అడిగితే ప్రభుత్వం 6,500 ఇస్తామంది. ఆయన అలిగి అదీ తీసుకోలేదు.

ఆ పదకొండు వారాలు దేశాన్ని ఎవరు నడిపారన్న ప్రశ్నకు సూటి జవాబు లేదు. గార్ఫీల్డ్ ఆ కాలంలో సంతకం పెట్టిన ప్రభుత్వ పత్రం ఒకే ఒక్కటి, ఒక నేరస్థుణ్ని అప్పగించే కాగితం. అధ్యక్షుడు పనిచేయలేని స్థితిలో ఉంటే ఉపాధ్యక్షుడు బాధ్యత తీసుకోవచ్చని అప్పటి రాజ్యాంగం చెప్పింది గానీ, ఆ స్థితిని ఎవరు నిర్ణయించాలో, కోలుకుంటే పదవి తిరిగొస్తుందో లేదో చెప్పలేదు. మంత్రులు తర్జనభర్జన పడ్డారు. ఆర్థర్ కాలు కదపలేదు. హంతకుడు తన పేరే అరిచాడు, ఈ సమయంలో వైట్ హౌస్ గడప తొక్కితే జనం ఏమనుకుంటారో ఆయనకు తెలుసు. ఈ లోపాన్ని పూడ్చిన 25వ సవరణ వచ్చేసరికి 1967 అయింది. ఆర్థర్ సెప్టెంబరు 20 తెల్లవారుజామున రెండు దాటాక న్యూయార్క్‌లో తన ఇంటి హాల్లోనే ప్రమాణం చేశారు. ఆ క్షణాన సెనేట్‌కు తాత్కాలిక అధ్యక్షుడు లేడు, ప్రతినిధుల సభకు స్పీకర్ లేడు. ఆర్థర్‌కు ఏమైనా అయితే వారసుడే లేడన్నమాట.

గిటో విచారణ నవంబరులో మొదలైంది. బావ జార్జ్ స్కోవిల్ అతని తరఫు లాయరు, ఆయన అలవాటు భూముల కాగితాలు చూడటం. గిటో కోర్టులో కేకలేశాడు, పద్యాలు చదివాడు, తాను కాల్చానే గానీ చంపింది డాక్టర్లని వాదించాడు. ఆ ఒక్క వాదనలో పస ఉంది, చట్టం దృష్టిలో మాత్రం చెల్లదు. జైలు నుంచి ఆర్థర్‌కు ఉత్తరం రాసి, మీ జీతం 8 వేల డాలర్ల నుంచి 50 వేలకు పెరిగింది నా వల్లేనని గుర్తు చేశాడు. చేసిన మేలుకు పదవి అన్న లెక్క అతను చివరి దాకా వదల్లేదు. 1882 జూన్ 30న ఉరి తీశారు.

ఆర్థర్ మీద ఎవరికీ ఆశల్లేవు. కస్టమ్స్ ఆఫీసు మనిషి ఉద్యోగాల బేరం ఆపుతాడని ఎవరనుకుంటారు? కానీ 1883 జనవరి 16న పెండిల్‌టన్ చట్టం మీద సంతకం పెట్టింది ఆయనే. కొన్ని ఉద్యోగాలకు పోటీ పరీక్ష, పార్టీ చందా ఇవ్వలేదని తీసేయడానికి వీల్లేదు, ఇవన్నీ చూడటానికి ఒక కమిషన్. చట్టం ముసాయిదా రాసిన డోర్మన్ ఈటన్ అంతకుముందు అధ్యక్షుడు హేస్ కోరిక మీద బ్రిటిష్ పద్ధతిని అధ్యయనం చేశాడు. ఆ అధ్యయనంలో భారతదేశపు కొలువులూ ఉన్నాయి. ఈస్టిండియా కంపెనీలో సిఫారసులతో ఉద్యోగాలిచ్చే పాత అలవాటు పోయి 1855లో లండన్‌లో సివిల్ సర్వీసుకు పోటీ పరీక్ష వచ్చింది. అంటే అమెరికా కంటే దాదాపు ముప్పై ఏళ్ల ముందు. ఆ పరీక్ష భారతీయులకు అందని ద్రాక్షలా ఉండటం వేరే కథ.

చట్టాన్ని గార్ఫీల్డ్ బలిదానం ఫలితంగా చెప్పుకోవడం మామూలే. నిజానికి అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో కాంగ్రెస్‌కు జరిగే 1882 ఎన్నికల్లో రిపబ్లికన్లు చిత్తుగా ఓడటం అంతకంటే పెద్ద తోపుడు. రేపు డెమోక్రాట్లు గెలిస్తే మన వాళ్లందరినీ పీకేస్తారన్న టెన్షన్ వాళ్లకు పట్టుకుంది. మొదట్లో చట్టం పరిధిలోకి వచ్చింది పదో వంతు ఉద్యోగాలే. ఆ తర్వాత దిగిపోయే ప్రతి అధ్యక్షుడూ తాను పెట్టిన మనుషుల్ని కాపాడుకోవడానికి ఇంకొన్ని ఉద్యోగాలను పరీక్షల జాబితాలో చేరుస్తూ పోయాడు. శతాబ్దం ముగిసేసరికి దాదాపు సగం ఉద్యోగాలు అందులోకి వచ్చాయి. సంస్కరణ పెరిగింది స్వార్థం మీదే.

గొడవకు మూలమైన కస్టమ్స్ కలెక్టరు కుర్చీ సంగతి మిగిలింది. ఆర్థర్ అధ్యక్షుడు కాగానే కాంక్లింగ్ వచ్చి రాబర్ట్‌సన్‌ను తీసేయమన్నాడు. తన పాత శిష్యుడు కాదనడని ధీమా. గార్ఫీల్డ్ చేసిన నియామకాన్ని మార్చడం తనకు తగదని ఆర్థర్ చెప్పేశారు. ఆ తర్వాత సుప్రీంకోర్టు జడ్జి పదవి ఇస్తానన్నారు, సెనేట్ ఆమోదించింది కూడా. కాంక్లింగ్ దాన్ని తిరగ్గొట్టాడు. రాబర్ట్‌సన్ మాత్రం 1885 దాకా న్యూయార్క్ రేవులో సుంకాలు వసూలు చేస్తూనే ఉన్నాడు.